ఆన్‌లైన్‌లో బోన్ సెట్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఈ ఏడాది ఎంబీబీఎస్, బీడీఎస్, ఫిజియోథెరపీల్లో చేరుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి, వాళ్ల అమ్మానాన్నలకి ఈ హెచ్చరిక. "అసలు ఎముకల నుంచి అచ్చు తీసిన హాఫ్ సెట్" అని ప్రకటన చూసి మా చెల్లి కోసం అనాటమీ (శరీర నిర్మాణం) చదువుకోవడానికి వాడే ఒక ప్లాస్టిక్ ఎముకల సెట్, అదే బోన్ సెట్, తెప్పించాం. ధర 6,500 రూపాయలు. నేను ఇప్పుడు హౌస్ సర్జన్‌గా చేస్తున్నాను, పెట్టె తెరిచి నాలుగు ఎముకలు చేతిలోకి తీసుకోగానే విషయం అర్థమైపోయింది. ఫస్టియర్ పిల్లలకి అలా తెలిసే అవకాశం లేదు. దాంతోనే చదువుకుని, ఆ తప్పులతోనే వైవాకి (నోటి పరీక్షకి) వెళ్తారు. నా భయం అదే.

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు. చేతులు, కాళ్లు రెండువైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి హాఫ్ సెట్‌లో పుర్రె, వెన్నెముక, ఒక చేయి, ఒక కాలు, ఒక పక్క పక్కటెముకలు ఇస్తారు. అన్నీ ఒకే వైపువి కావాలి. మాకు వచ్చిన దాంట్లో హ్యూమరస్ (పై చేయి ఎముక) కుడిది, రేడియస్, అల్నా (ముంజేతి ఎముకలు) ఎడమవి. మోచేయి దగ్గర పెట్టి చూస్తే ఒకదానిలో ఒకటి కూర్చోదు. గొంతు దగ్గర ఉండే చిన్న ఎముక హయాయిడ్ అసలు లేనేలేదు.

అన్నిటికంటే ఘోరం వెన్నుపూసలు. లెక్కకి సరిగ్గానే ఉన్నాయి: మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. కానీ ఛాతీ పూసలు పన్నెండూ ఒకే అచ్చులో పోసినవి. పక్కటెముక వచ్చి ఆనే నునుపు ముఖాలు ఒక్కదానికీ లేవు. ఆ ముఖాలు చూసే కదా అది థొరాసిక్ (ఛాతీ) పూస అని చెప్పేది! 1, 9, 10, 11, 12 పూసలు మిగతా వాటికంటే తేడాగా ఉంటాయి, ఎగ్జామినర్లు ఏరికోరి ఇచ్చేవి అవే. ఇక మెడ పూసలకి రెండు పక్కలా ఉండాల్సిన రంధ్రాలు ప్లాస్టిక్‌తో పూడుకుపోయి ఉన్నాయి. పై ఆరు పూసల్లోని ఆ రంధ్రాల గుండానే వెర్టెబ్రల్ ధమని మెదడుకి వెళ్తుంది. రంధ్రమే కనబడకపోతే ఆ దారి పిల్లలకి ఎలా గుర్తుండాలి?

పుర్రె చూడటానికి అందంగా ఉంది. లోపల ఫొరామెన్ ఒవేల్, స్పైనోసమ్ అనే రంధ్రాలు ఉండాల్సిన చోట నల్ల రంగు చుక్కలు పెట్టారు.

అమ్మినవాళ్లని అడిగితే మొదట "అన్ని కాలేజీల వాళ్లూ ఇదే తీసుకుంటారు" అన్నారు, తర్వాత "పెట్టె తెరిచారు కాబట్టి రిటర్న్ లేదు" అన్నారు. తెరవకుండా ఎముకల్ని ఎలా చూస్తారో మాత్రం చెప్పలేదు. ప్రకటనలో పెట్టిన ఫొటోలు వేరే నాణ్యమైన సెట్‌వి, మాకు పంపింది ఇది.

కాబట్టి ఫొటోలు చూసి నమ్మకండి. మీకు పంపబోయే సెట్‌నే వీడియో తీసి పంపమనండి. పుర్రె టోపీ తీసి లోపల టార్చ్ వేయమనండి, రంధ్రాల్లోంచి వెలుతురు బయటికి రావాలి. పెట్టె ఇంటికి వచ్చాక తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఫోన్లో రికార్డు చేయండి. ఆ తర్వాత మోకాలి చిప్ప తీసుకోండి. నునుపు వైపు కిందికి, మొన మీకు ఎదురు దిక్కుకి ఉండేలా బల్ల మీద పెడితే, అది ఏ కాలిదో ఆ వైపుకి ఒరగాలి, ఎందుకంటే బయటి వైపు ముఖం పెద్దది. మాకు వచ్చిన చిప్ప కదలకుండా కూర్చుంది. పొడవాటి ఎముకల నడిమిలో న్యూట్రియెంట్ ఫొరామెన్ (ఎముకలోకి రక్తనాళం వెళ్లే సన్న రంధ్రం) కోసం కూడా వెతకండి. హ్యూమరస్‌లో అది మోచేతి వైపుకి, తొడ ఎముకలో పైకి తిరిగి ఉండాలి.

వీలైతే సీనియర్ల దగ్గర పాత సెట్ చూసి కొనుక్కోండి. నా అభిప్రాయంలో కొత్తదానికంటే అదే నయం. చాలా కాలేజీల అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో ఎముకలు చూసి చదువుకోనిస్తారు, ముందు అక్కడ అడగండి.

ఇంకొక్క మాట. ప్లాస్టిక్‌తో విసిగిపోయిన పిల్లలకి "ఒరిజినల్ బోన్స్ ఉన్నాయి" అని మెసేజ్‌లు వస్తుంటాయి. దయచేసి అటు పోవద్దు. ఒకప్పుడు కోల్‌కతా కేంద్రంగా అస్థిపంజరాలు విదేశాలకి వెళ్లేవి, 1985లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత కూడా శ్మశానాల నుంచి తవ్వి తెచ్చిన ఎముకల్ని బెంగాల్ పోలీసులు పట్టుకున్నారు. ఎవరి ఎముకలో, ఎలా వచ్చాయో కాగితం లేని సెట్‌ని ఇంట్లో పెట్టుకోవద్దు. ఎవరో కన్న బిడ్డ ఎముకలు అవి.

మా విషయానికొస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, తప్పుల ఫొటోలు జత చేశాం. సగం డబ్బు ఇస్తామని అమ్మినవాళ్లు ఇప్పుడు ఫోన్ చేస్తున్నారు. మేము ఒప్పుకోలేదు, మొత్తం ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. ఇలాంటి సెట్టే మీకూ వచ్చి ఉంటే బిల్లు పారేయకండి, మీరూ ఫిర్యాదు పెట్టండి.