మార్కుల పట్టిక చూపించి అమ్మే డేటా మైనింగ్ సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు, ఎగుమతిదారులు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు కొనేముందు ఇది చదవండి. ఏ రకం కాయ ఏ నెలలో ఎవరు కొంటున్నారో పాత బిల్లుల్లోంచి తీసి చూపిస్తామని ఒక సంస్థ వాళ్లు మా ఆఫీసుకొచ్చారు. చేతిలో ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్, అంటే ఏ అంశం ఎంత ముఖ్యమో అంకెలు వేసి పోల్చే పద్ధతి) పట్టిక. నాలుగు సాఫ్ట్‌వేర్లను శాస్త్రీయంగా పోల్చామన్నారు, అందులో వాళ్లదే ఫస్టు. మా ఓనరు గారు ఏడాది లైసెన్సుకి డబ్బు కట్టారు.

తీరా మా బిల్లులు ఎక్కిస్తే తెలుగులో ఉన్న రైతుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. ఒకే మిర్చి రకాన్ని ఒక గుమాస్తా ‘తేజ’ అని, ఇంకొకరు ‘తేజా’ అని రాస్తే రెండు రకాలుగా లెక్కగట్టింది. తాలు కాయల (రంగు పోయిన నాసిరకం మిర్చి) బిల్లులు మంచి సరుకులో కలిసిపోయి సగటు ధరే తప్పొచ్చింది. అడిగితే, డేటా శుభ్రం చేయడానికి వేరే ఛార్జీ అన్నారు.

ఏహెచ్‌పీ పద్ధతిని తప్పుపట్టను. 1970ల్లో థామస్ శాటీ రూపొందించిన లెక్క అది. అంశాలను రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 దాకా అంకె వేయాలి. వేయాల్సింది కొనేవాళ్లు. ఇక్కడ అమ్మేవాళ్లే వేసేసుకున్నారు. గ్రాఫులకి భారీ వెయిటేజీ, డేటా శుద్ధికి నామమాత్రం, తెలుగు అనే అంశమే లేదు. పైగా ధర కన్నా సర్వీసు ముఖ్యమట, సర్వీసు కన్నా ట్రైనింగ్ ముఖ్యమట, ట్రైనింగ్ కన్నా మళ్లీ ధర ముఖ్యమట! మూడు పోలికలకీ 3 వేశారు. ఇలాంటి తిరకాసు పట్టుకోవడానికే కన్సిస్టెన్సీ రేషియో ఉంది, 0.10 దాటకూడదు. ఈ మూడింటికే లెక్కగడితే 1.15 వచ్చింది. వాళ్ల కాగితంలో ఆ అంకె ఎక్కడా లేదు.

ఉచితంగా దొరికే డేటా మైనింగ్ సాఫ్ట్‌వేర్లు వెకా, నైమ్, ఆరెంజ్ కూడా ఆ పట్టికలో లేవు. ఒక సాఫ్ట్‌వేర్‌ని చేర్చినా, తీసేసినా మిగతావాటి వరస మారిపోయే అవకాశం ఈ పద్ధతిలో ఉంది కాబట్టి, ఎవరిని పోటీలో నిలబెట్టారో కూడా చూడాలి.

సాఫ్ట్‌వేర్ల పేర్లు చూడకముందే మీ వెయిటేజీలు మీరే రాసి పెట్టుకోండి, బిల్లులు రాసే గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకుని. డెమో వాళ్ల నమూనా డేటా మీద వద్దు, మీ పోయిన సీజన్ బిల్లుల మీదే అడగండి. రెన్యువల్, శుద్ధి ఛార్జీలు సంతకానికి ముందే కాగితం మీదికి రావాలి. మా డబ్బు వెనక్కివ్వమని రాశాం, ఇంకా జవాబు లేదు. ఇలాంటి పట్టిక మీకూ ఇచ్చి ఉంటే అందులో వెయిటేజీలు ఎలా ఉన్నాయో కింద రాయండి, మాదానితో పోల్చి చూద్దాం.