ఓర్వకల్లు దారిలో ప్లాటు కొంటున్నారా? ఫేజ్-1 నంబరు చూపించి ఫేజ్-2 అమ్ముతున్నారు

కర్నూలు నుంచి ఓర్వకల్లు వెళ్లే దారిలో ప్లాటు చూస్తున్నవారు అడ్వాన్సు ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. అక్కడి ఒక వెంచర్‌లో మా అన్నయ్య, నేను కలిసి ఐదు సెంట్లు కొన్నాము. మా ఫిర్యాదు విచారణలో ఉంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. పేరు కన్నా, వాళ్లు అమ్మిన తీరు తెలియడం ముఖ్యం.

బ్రోచర్ మీద రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉంది, ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఉంది. రెరా వెబ్‌సైటులో చూస్తే వెంచర్ పేరు, యజమాని, ఊరు అన్నీ సరిపోయాయి. కానీ ఆ నంబర్లు రెండూ ఫేజ్-1వి. మాకు అమ్మిన స్థలం ఫేజ్-2లోది, దానికి ఏ అనుమతీ లేదు. బ్రోచర్‌లోని ప్లానులో రెండు ఫేజుల మధ్య ఒక సన్నని గీత మాత్రమే ఉంటుంది. 2016 రెరా చట్టంలో దీనికి సందు లేదు. దశలవారీగా వేసే వెంచర్‌లో ప్రతి దశనూ విడి ప్రాజెక్టుగా లెక్కగట్టి, విడిగా రిజిస్టరు చేయించాలి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్ల పైచిలుకు దాటిందంటే, రిజిస్టరు కాకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. 'ప్రీలాంచ్ ధర' అని ఎవరైనా ఊరించారంటే అనుమతి ఇంకా రాలేదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

ఏజెంటు మాత్రం విమానాశ్రయం వచ్చింది, హైకోర్టు బెంచ్ రాబోతోంది, వారం ఆగితే ధర పెరుగుతుంది అని ఊపిరి సలపనివ్వలేదు. అగ్రిమెంటు రాయకుండానే ధరలో నలభై శాతం కట్టించుకున్నారు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని అదే చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. ఆ నలభై శాతంలో సగం నగదుగా ఇమ్మన్నారు, మేము ఒప్పుకోలేదు. స్థిరాస్తి కోసం 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. పైగా నగదు ఇచ్చినట్టు రేపు రుజువు చేయడం చాలా కష్టం.

ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కూడా చేశారు. చాలామంది ధీమా పడేది ఇక్కడే. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారు, లేఅవుట్ సక్రమమని హామీ ఇవ్వరు. మా దస్తావేజులో ప్లాటు నంబరే లేదు. సర్వే నంబరు, సెంట్లు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) మాత్రమే రాసి పొలం అమ్మినట్టు అమ్మారు. ఇంటి ప్లానుకు వెళితే, అనుమతి ఉన్న లేఅవుట్ కాదని తిప్పి పంపారు.

అంతకన్నా పెద్ద దెబ్బ దారి విషయంలో తగిలింది. సర్వేయరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) పట్టుకుని కొలిస్తే మా ప్లాటు పట్టా భూమిలోనే ఉంది, ప్లాటుకు వచ్చే నలభై అడుగుల రోడ్డూ పార్కూ పక్క సర్వే నంబరులోని డీకేటీ భూమిలో, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిలో ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై అసలు లబ్ధిదారులకు హక్కులిస్తూ 2023లో సవరణ తెచ్చారు నిజమే, కానీ అలా ఫ్రీహోల్డ్ చేసిన (పూర్తి హక్కులిచ్చిన) భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం ఆపింది. అందుకే 'ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్' అన్న మాట వినగానే డబ్బు తీయకండి. మీ ప్లాటు సర్వే నంబరు ఒక్కటే కాదు, రోడ్డు, పార్కు ఉన్న సర్వే నంబర్లన్నీ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉన్నాయేమో వెతకండి. ఈసీ (పాత లావాదేవీల ధ్రువపత్రం), అడంగల్ (గ్రామ భూమి రికార్డు) కూడా వాటన్నిటికీ తీయించండి.

రెరా సైటులో ఉంచిన ప్లానును ముద్రించుకుని స్థలం మీదికి వెళ్లండి, బ్రోచర్ ప్లానుతో పని లేదు. మీకు చూపిన ప్లాటు అందులో లేకపోతే అక్కడితో వదిలేయండి. ఉంటే, అది స్థానిక సంస్థకు తనఖా పెట్టిన ప్లాట్లలో ఒకటి కాదని తేల్చుకోండి. ఏజెంటుకూ రెరా నంబరు ఉండాలి, అడగండి.

ఇప్పటికే ఫేజ్-2లో కట్టినవారు బ్రోచర్, రశీదులు, ఏజెంటు పంపిన వాట్సాప్ సందేశాలు పారేయకండి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవారికి వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని రెరా 12వ సెక్షన్ చెబుతోంది. మా ఫిర్యాదుకు ఆధారం ఆ బ్రోచరే. అదే వెంచర్ బాధితులు ఎవరైనా ఉంటే సందేశం పంపండి, ఫిర్యాదు ఎలా రాశామో చూపిస్తాను.