కుర్సురా సబ్‌మెరైనా, టీయూ-142 విమానమా: ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో వెళ్తే ఏది మేలు?

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోవడం), మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు విశాఖలో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. బీచ్‌రోడ్డుకు ఒక పక్క కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం, ఇంకో పక్క మ్యూజియంగా మారిన నౌకాదళ నిఘా విమానం టీయూ-142. ముందు దేనికి తీసుకెళ్లాలి? ఇరుకు, చీకటి, చప్పుడు గురించి అందరూ ఆలోచిస్తారు. ఆలోచించాల్సిందే. కానీ అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది: పిల్లవాడు మధ్యలో ‘చాలు’ అంటే వెంటనే బయటికి రాగలమా?

కుర్సురాలో రాలేం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారిన ఈ సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. లోపల ఏడు అరలు. ఒక చివర ఎక్కి రెండో చివర దిగాలి. అరకూ అరకూ మధ్య ఉండేది మామూలు గుమ్మం కాదు, నేలకు కాస్త పైన ఉన్న గుండ్రటి ద్వారం. తల వంచి, ఒక కాలు అవతల పెట్టి, ఒంటిని లాక్కోవాలి. ఈలోగా వెనక వచ్చేవాళ్లతో దారి నిండిపోతుంది. మూడో అరలో పిల్లవాడు నేలమీద కూలబడితే వెనక్కి మళ్లలేం, ఎత్తుకుని ఆ ద్వారాల్లోంచి దూరలేం. పది పన్నెండేళ్ల పిల్లలైతే మరీ కష్టం. వీల్‌చైర్ మాట సరేసరి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నౌకాదళంలో పనిచేసి రిటైరైన గైడ్లు ఓపిగ్గా వివరిస్తారు, కానీ అందుకు గుంపు అక్కడక్కడా ఆగాలి. కదలకుండా నిలబడటమే ఏడీహెచ్‌డీ పిల్లలకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. పైగా చుట్టూ తిప్పాలనిపించే చక్రాలు, మీటలు. నావికుల నిలువెత్తు బొమ్మలు కూడా ఉంటాయి. ఫొటోలో ముందే చూపకపోతే కొందరు జడుసుకుంటారు.

అయినా ఇరుకు ప్రతి పిల్లవాడికీ పడదనుకోకండి. మంచం కిందా బీరువా మూలా దూరి కూర్చుంటే నిమ్మళించే పిల్లలు ఉంటారు. వాళ్లకు కుర్సురా నచ్చవచ్చు. సరిగా చూడలేని పిల్లలకు కూడా, గైడును అడిగి ద్వారం అంచు, పడక ఎత్తు చేత్తో తడిమితే సబ్‌మెరైన్ అంటే ఏమిటో అర్థమవుతుంది. ఇంట్లోనే పరీక్షించి చూడండి. హూలాహూప్‌ను (నడుముకు తిప్పే పెద్ద రింగు) నేలకు అడుగు ఎత్తున నిలబెట్టి పట్టుకుని, గదిలో దీపం తగ్గించి, వరుసగా ఆరుసార్లు దూరమనండి. మూడు నాలుగు రోజులు నవ్వుతూ దూరితే ఆశ పెట్టుకోవచ్చు. రెండోసారికే విసుక్కుంటే ఆగండి.

మొదటిసారికి మాత్రం నా మొగ్గు టీయూ-142 వైపే. ఇక్కడ ముందు ప్రదర్శన హాలు, ఆ తర్వాత విమానం. హాలు చూసి బయటికి వచ్చేసినా పిల్లవాడు ఒక పని పూర్తి చేసినట్టే, ఓడిపోయినట్టు కాదు. విమానం బయట చూడటానికే చాలా ఉంది: నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజినుకు రెండు వరసల్లో ఎనిమిది ప్రొపెల్లర్ రెక్కలు. ఫ్యాన్లంటే ప్రాణం పెట్టే పిల్లలు ఇక్కణ్నుంచి కదలరు. అయితే ‘ఇవి తిరగవు’ అని ఇంట్లోనే చెప్పి తీసుకురండి. లేకపోతే తిరిగేదాకా నిలబడతామంటారు, గొడవ అక్కడే మొదలవుతుంది. విమానం లోపల కూడా ఇరుకే, మెట్లెక్కాలి. హాల్లోనే అలసిన పిల్లవాణ్ని ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని ఎక్కించొద్దు.

సోమవారం రెండూ సెలవు. ఆదివారం సాయంత్రం, డిసెంబరు 4 నేవీ డే సందడి రోజులు వద్దు. మామూలు రోజున తెరిచీ తెరవగానే వెళ్తే మంచిది. పెద్దవాళ్లిద్దరు ఉండాలి. ఒకరు క్యూలో నిలబడి టికెట్లు తీసుకుంటే, రెండోవారు పిల్లవాడితో ఎడంగా ఉండొచ్చు. క్యూలోనే ఓపిక సగం ఖర్చయితే లోపల ఏం మిగలదు.

అయిదు ఫొటోల కార్డు చేయండి: ఆటో, టికెట్టు, హాలు, విమానం, ఇల్లు. ఒక్కోటి అయ్యాక పిల్లవాడే తిప్పాలి. చివరి ఫొటో ఎప్పుడూ ఇల్లే ఉండాలి. బీచ్‌లో ఆట, ముంత మసాలా ఆశ పెడితే అవి కూడా కార్డులో పెట్టండి, పెట్టాక మాట తప్పొద్దు. చెవులకు పెట్టుకునే మఫ్‌లను వారం ముందు నుంచే రోజూ పది నిమిషాలు ఇంట్లో అలవాటు చేయండి. అక్కడికి వెళ్లాక కొత్తగా తగిలిస్తే పీకి పారేస్తారు. వినపడని పిల్లలకు గైడు మాటలూ ఆడియో గైడూ రెండూ అక్కరకు రావు. బొమ్మలతో కథ ముందే చెప్పి తీసుకెళ్లండి.

అదే రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం గదులు గదులుగా ఉంటుంది, బయటికి రావడం తేలిక. కానీ కత్తులూ పటాలూ చూసి ఊరుకునే పిల్లలకే అది.

టీయూ-142 సాఫీగా సాగితే, మరో రోజు కుర్సురాను బయటినుంచి మాత్రమే చూపండి. ముక్కు నుంచి తోక దాకా అడుగులు లెక్కపెట్టించండి. లోపలికి ఆ తర్వాతే. అప్పుడు ఒకరు ముందుగా ద్వారం దాటి అవతల చేతులు చాపి నిలబడాలి, రెండోవారు వెనక ఉండాలి. గైడుతో ముందే మాట్లాడి గుంపులో అందరికన్నా చివర వెళ్లండి. వెనకనుంచి తోసేవాళ్లు ఉండరు.