ఆరు మీటర్లా, ముప్పై మీటర్లా: ఏది మేలు?

స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగున ఈదడం) నేర్చుకుని కాస్త చెయ్యి తిరిగినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒడ్డుకు దగ్గరలో ఆరు మీటర్ల లోతున రాళ్లూ పగడాలూ సముద్రపు గడ్డీ కలగలిసిన చోటు ఒకటి. పడవెక్కి వెళ్లి ముప్పై మీటర్లకు దిగే చోటు ఇంకొకటి. ఒక్కదానికే వీలుంటే ఎటు వెళ్లాలి?

లోతైన చోటికి ఉన్న ఆకర్షణను నేను కాదనను. నిట్టనిలువు పగడపు గోడలు, మునిగిపోయిన ఓడలు, గుంపులుగా తిరిగే పెద్ద చేపలు చాలా వరకు అక్కడే కనిపిస్తాయి. పైన అలలు రేగుతున్నా కింద నీరు నిమ్మళంగా ఉంటుంది. ఓపెన్ వాటర్ అనే తొలి మెట్టు శిక్షణ సాధారణంగా 18 మీటర్ల వరకే కాబట్టి, ముప్పైకి దిగేవారికి ఆ పై శిక్షణ తప్పనిసరి.

అయినా నా ఓటు ఆరు మీటర్లకే. కారణం సమయం. ముప్పై మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం కంటే నాలుగు రెట్లు, ఆరు మీటర్ల దగ్గర 1.6 రెట్లు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఒక్కో ఊపిరికీ ఎక్కువ గాలి ఖర్చవుతుంది. అంటే అదే సిలిండర్ ఆరు మీటర్ల దగ్గర రెండున్నర రెట్ల సేపు వస్తుంది. నైట్రోజన్ లెక్క ఇంకా కఠినం. పీల్చే గాలిలోని నైట్రోజన్ లోతున ఒంట్లో ఎక్కువగా కరుగుతుంది, అది మితిమీరితే పైకి వచ్చేటప్పుడు ప్రమాదం. అందుకే లోతును బట్టి ఎంతసేపు ఉండవచ్చో ఒక గడువు ఉంటుంది. మామూలు గాలితో దిగితే, డైవింగ్ శిక్షణనిచ్చే ప్యాడీ సంస్థ పట్టిక ప్రకారం ముప్పై మీటర్లకు ఇచ్చే గడువు 20 నిమిషాలు. పది మీటర్లకే అది 219 నిమిషాలు. లోతు తక్కువైన చోట ఆ గడువు కంటే ముందు గాలి అయిపోతుంది, లేదా చలి పుడుతుంది.

ఆ సమయం దేనికంటారా? ఇసుకలో గోబీ చేపా, ఒక జాతి రొయ్యా కలిసి కాపురముండే బొరియ ఉంటుంది. తవ్వే పని రొయ్యది, కాపలా గోబీది. రొయ్యకు చూపు బాగా తక్కువ. అందుకే బయటికి వచ్చినప్పుడల్లా, తోడున్న మనిషి భుజం మీద చెయ్యి వేసి నడిచినట్టు, మీసాన్ని చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. చేప తోక అదిలించిందంటే రొయ్య మరుక్షణం లోపలికి. మీరు దగ్గరికి వెళ్లగానే రెండూ మాయమవుతాయి. కదలకుండా, నెమ్మదిగా ఊపిరి తీస్తూ ఆగితే ముందు గోబీ తల, కొంతసేపటికి ఇసుక నెట్టుకుంటూ రొయ్య బయటికి వస్తాయి. గడ్డిపోచకు తోక చుట్టుకున్న సముద్రపు గుర్రమైనా, రాతి రంగులో కలిసిపోయిన ఆక్టోపస్ అయినా ఇలా ఓపిక పట్టినవారికే కనబడతాయి. ముప్పై మీటర్ల దగ్గర అంత ఓపికకు గడువు చాలదు.

వెలుగు కూడా ఇటువైపే. నీరు ముందుగా మింగేసేది ఎరుపునే. ముప్పై మీటర్ల దగ్గర టార్చి వేస్తే తప్ప ఎర్ర పగడం బూడిద రంగులోనే కనిపిస్తుంది.

తక్కువ లోతంటే తేలిక అనుకోవద్దు. పది మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి నీటిలో తేలికను సరిచూసుకోవడానికి వేసుకునే జాకెట్‌లోని గాలి రెట్టింపవుతుంది. ముప్పై నుంచి ఇరవైకి వస్తే మూడో వంతే పెరుగుతుంది. కాబట్టి పైన నిలకడగా ఉండటమే కష్టం. దానికి అలల ఊపు తోడైతే కాళ్లకు తొడుక్కున్న ఫిన్లు పగడాలకు తగులుతాయి. ఊపిరి బిగబట్టి రెండు మీటర్లు పైకి లేచినా ఊపిరితిత్తులు చిట్లవచ్చు. పడవలు తిరిగే చోటైతే మీరు కింద ఉన్నారని పడవలకు తెలిపే గుర్తు బోయా (నీటిపై తేలే గుర్తు) లేకుండా దిగకండి.

స్నార్కెల్ (నీటిపై తేలుతూ ఊపిరి తీసే గొట్టం) చాలదా అంటే, పైనుంచి చూసి రావడానికి చాలు. బొరియ ముందు కాపు కాయడానికి చాలదు.

చూడాలనుకున్న ఓడ ముప్పై మీటర్ల దగ్గరే ఉంటే మాత్రం సందేహించకుండా అక్కడికే వెళ్లండి. రెండూ ఒకే రోజు కుదిరితే లోతైనది ముందు పెట్టుకుని, ఉపరితలం మీద తగినంత విరామం తీసుకుని, ఆ తర్వాత ఆరు మీటర్లకు దిగండి.