ఏసీ బ్లోయర్ ఆగిపోయాక మార్చిన మోటారు, రెసిస్టర్, కనెక్టర్: కొన్నేళ్ల వాడకం తరువాత నా అంచనా

కారు ఏసీ బ్లోయర్ పూర్తిగా ఆగిపోయిన తరువాత నేను మూడు భాగాలను ఒకే విడతలో మార్చాను: గాలిని తోసే మోటారు, దాని వేగాన్ని తగ్గించే రెసిస్టర్, ఆ రెసిస్టర్‌కు తగిలించే కనెక్టర్. ఎండాకాలం, వానాకాలం అన్న తేడా లేకుండా కొన్నేళ్లుగా వాటిని వాడుతున్నాను. మోటారు బాగుంది, రెసిస్టర్ పరవాలేదు. అయితే ఈ మరమ్మతు ఇంతకాలం నిలబడటానికి అసలు కారణం ఆ మూడింటిలో అతి చిన్నదైన కనెక్టర్ అని నా దృఢమైన అభిప్రాయం. చాలామంది దానిని మార్చరు. కొత్త రెసిస్టర్ వేయించుకున్నా కొద్దికాలానికే మళ్లీ అదే ఇబ్బంది ఎదురవడానికి తరచుగా అదే కారణం.

నా కారులో ఉన్నది నాబ్ తిప్పి నాలుగు వేగాలు ఎంచుకునే సాధారణ ఏసీ. ఇందులో కరెంటు నడిచే దారి చిన్నదే. బ్యాటరీ నుంచి బయలుదేరి ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) దాటి మోటారుకు వస్తుంది. మోటారు నుంచి రెసిస్టర్, స్విచ్చుల మీదుగా ఎర్త్‌కు, అంటే కారు బాడీకి, చేరుతుంది. మొదటి వేగంలో రెసిస్టర్‌లోని తీగచుట్లన్నీ ఈ దారిలో ఉంటాయి, వేగం పెంచేకొద్దీ ఒక్కొక్కటే తప్పుకుంటుంది, నాలుగో వేగంలో ఏ ఒక్కటీ ఉండదు. అందువల్ల మొదటి మూడు వేగాలు పోయి నాలుగోది మాత్రమే పనిచేస్తే రెసిస్టర్‌ను, దానిమీద ఉండే, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజును అనుమానించాలి. నా కారులో మొదట కనిపించిన లక్షణం అదే. ఒక వర్క్‌షాపులో రెసిస్టర్ ఒక్కటి మార్చి ఇచ్చారు. కొంతకాలం అన్ని వేగాలూ పనిచేశాయి. ఆ తరువాత ఒకనాడు జోరువానలో నాలుగు వేగాలూ ఒకేసారి నిలిచిపోయాయి. ముందు అద్దానికి లోపలి వైపు ఆవిరి కమ్ముతుంటే దానిని తొలగించడానికి గాలి లేకపోవడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలుస్తుంది. బ్లోయర్‌ను చల్లదనం కోసం పెట్టిన సౌకర్యంగా మాత్రమే చూడకూడదు. చూపుకు అడ్డు రాకుండా కాపాడే భాగంగా కూడా చూడాలి.

బ్లోయర్ ఆగగానే గ్యాస్ అయిపోయిందని అనుకుని గ్యాస్ నింపించుకునేవారు ఉన్నారు. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది కానీ చల్లగా ఉండదు. బ్లోయర్ ఆగితే గాలే రాదు, కూలింగ్ కాయిల్ మీదుగా ఏమీ ప్రసరించదు కనుక కాయిల్ ఉష్ణోగ్రత పడిపోయి, మంచు కట్టే స్థితికి రాగానే కంప్రెసర్ కూడా ఆగిపోతుంది. ఈ రెండు లక్షణాలను విడదీసి చూస్తే చాలు, అనవసరమైన పని చాలావరకు తప్పుతుంది.

లోపాన్ని వెతికిన క్రమాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ భాగాలు మార్చాలో తేల్చింది అదే. 30 ఆంపియర్ల ఆకుపచ్చ బ్లేడు ఫ్యూజు బాగానే ఉంది. రిలే స్థానంలో అదే రకమైన మరో రిలే పెట్టి చూసినా మార్పు లేదు. గ్లవ్ బాక్సు ఊడదీసి, నాబ్‌ను నాలుగో వేగంలో ఉంచి, మోటారు పైతొడుగును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినప్పుడు అది నీరసంగా కాస్త కదిలి ఆగింది. తడితే కదిలే మోటారులో, కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి, అవి ఆనుకునే తిరిగే భాగాన్ని (కమ్యుటేటర్‌ను) సరిగా తాకడం లేదని అర్థం. చాలా మరమ్మతులు ఇక్కడే ముగుస్తాయి. మోటారు మారుస్తారు, బ్లోయర్ తిరుగుతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ కదిలిన ఆ కాస్తసేపూ అంత నీరసంగా ఎందుకు కదిలిందన్న ప్రశ్నకు అరిగిన బ్రష్షులు పూర్తి సమాధానం కావు.

ఆ సమాధానాన్ని పట్టి ఇచ్చింది 21 వాట్ల బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపు. మోటారు ప్లగ్గును విడదీసి, దాని రెండు కొనల మధ్య మల్టీమీటర్ పెడితే 12 వోల్టులకు పైగా చూపించింది. ఆ అంకెను నమ్మితే వైరింగ్ అంతా సవ్యంగా ఉన్నట్టే. అదే చోట బల్బు తగిలిస్తే మసకగా వెలిగింది. మల్టీమీటర్ వలయం నుంచి దాదాపు ఏమీ తీసుకోదు కాబట్టి, కాలిపోయిన పిన్నులో పట్టు నామమాత్రంగా మిగిలి ఉన్నా పూర్తి వోల్టేజీనే చూపిస్తుంది. 21 వాట్ల బల్బు సుమారు 1.75 ఆంపియర్లు అడుగుతుంది, దారిలో ఎక్కడైనా గట్టి అడ్డు ఉంటే వెంటనే బయటపెడుతుంది. బల్బు రెండో తీగను ప్లగ్గు నుంచి తీసి నేరుగా కారు బాడీకి తాకించగానే ప్రకాశవంతంగా వెలిగింది. అంటే ఫ్యూజు వైపు దారి శుభ్రంగా ఉంది, లోపం ఎర్త్ వైపు ఉంది. నా కారులో నాలుగో వేగానికి కూడా కరెంటు రెసిస్టర్ కనెక్టర్ గుండానే వెళ్తుంది. దానిని లాగి చూస్తే ఒక పిన్ను గోధుమరంగుకు తిరిగి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగి ఉంది.

ఇది ఎలా జరుగుతుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వదులైన పిన్నులో నిరోధం 0.1 ఓమ్ మాత్రమే అనుకుందాం. దాని గుండా 20 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడే 2 వోల్టులు పడిపోతాయి, 40 వాట్ల వేడి పుడుతుంది. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను డ్యాష్‌బోర్డు వెనుక ఆన్ చేసి వదిలేసినంత వేడి అది. ఆ వేడికి పిన్ను పట్టు మరింత సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. పాత కనెక్టర్‌లోనే కొత్త రెసిస్టర్ గుచ్చితే, సడలిన పట్టు కొత్త పిన్నులను కూడా కాల్చడం మొదలుపెడుతుంది.

మోటారును కూడా వదిలిపెట్టలేదు. దానిని విడిగా నేరుగా బ్యాటరీకి కలిపి, డీసీని (బ్యాటరీ ఇచ్చే కరెంటును) కొలవగలిగే, తీగ చుట్టూ పట్టించే క్లాంప్ మీటరుతో కొలిచినప్పుడు, అది తిరిగినంతసేపూ కొత్త మోటారు కన్నా స్పష్టంగా ఎక్కువ కరెంటు తీసుకుంటోంది. చేత్తో తిప్పితే, ఇరుసును పట్టి ఉంచే బుష్షు ఎండిపోయినట్టు బిగువుగా ఉంది. ఇంట్లో వైరింగ్ పనికి వాడే సాధారణ క్లాంప్ మీటర్లలో చాలావరకు ఇళ్లకు వచ్చే ఆల్టర్నేటింగ్ కరెంటును మాత్రమే కొలుస్తాయి, కారులో అవి సున్నా చూపిస్తాయి. కొనేముందు ఈ తేడా చూసుకోవాలి. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోతే మోటారు మీద భారం పెరిగి కరెంటు ఎక్కువ తీసుకుంటుందని తరచుగా వింటాం. ఈ రకం గుండ్రటి డ్రమ్ము ఫ్యానులో జరిగేది దానికి విరుద్ధం. తోయాల్సిన గాలి తగ్గితే మోటారు పని తగ్గుతుంది, కరెంటు కూడా తగ్గుతుంది. అయినా ఫిల్టర్ శుభ్రంగా ఉండాల్సిందే, ఎందుకంటే రెసిస్టర్‌ను గాలి దారిలో అమర్చేది ఆ గాలితోనే చల్లబడాలని. గాలి ఆడకపోతే థర్మల్ ఫ్యూజు తెగుతుంది.

ఇక మార్చిన భాగాల సంగతి. మోటారును ఫ్యానుతో కలిపి, కారు తయారీదారు నిర్దేశించిన నంబరు సరిచూసుకునే తీసుకున్నాను. దీనికంటే ముందు బిగించి చూసిన చౌకరకం మోటారు ఆకారంలో సరిపోయింది కానీ ఎదురు దిశలో తిరిగింది. డ్రమ్ము ఫ్యాను ఎదురు తిరిగినా గాలి బయటికే వస్తుంది, అయితే చాలా బలహీనంగా వస్తుంది. అందుకే ఈ లోపం వెంటనే తెలియదు, ఏసీయే సరిగా లేదనిపిస్తుంది. నిర్దేశిత మోటారు ఈ కొన్నేళ్లలో తట్టే అవసరం ఒక్కసారీ రానివ్వలేదు. నాలుగో వేగంలో శబ్దం కొత్తలో ఉన్నంతే ఉంది. మొదటి వేగంలో మాత్రం ఈ మధ్య సన్నని గరగర మొదలైంది. ఫ్యాను తీసి ఎండుటాకు ముక్కలు దులిపాక అది పోయింది. ముందు అద్దం కింది జాలీ దగ్గర ఆకులు చేరితే నీళ్లు పోయే దారి మూసుకుపోయి మోటారు మీదికి కారే ప్రమాదం కూడా ఉంది కనుక, ఆ చోటును వానలకు ముందు శుభ్రం చేయడం అలవాటు చేసుకున్నాను.

రెసిస్టర్ గురించి నాకు పూర్తి సంతృప్తి లేదు. పనిచేస్తోంది, కాలలేదు. కానీ రెండో వేగానికీ మూడో వేగానికీ మధ్య తేడా పాత రెసిస్టర్‌తో ఉన్నంత స్పష్టంగా లేదు. తీగచుట్ల విలువలు అసలు భాగంతో సరిగ్గా కలవలేదని అనుకుంటున్నాను. వాడకానికి ఇబ్బంది లేదు కాబట్టి ఉంచేశాను. తెగిన థర్మల్ ఫ్యూజును తీసేసి అక్కడ ముక్క తీగ అతికించే పద్ధతిని మాత్రం ఎవరూ ఒప్పుకోకూడదు. మోటారు బిగుసుకుపోయినప్పుడు మంట పుట్టకుండా ఆపే ఏర్పాట్లలో అది ముఖ్యమైనది.

కనెక్టర్ తీగలతో సహా దొరికింది. తీగలు పాతవాటికంటే సన్నంగా ఉంటే తీసుకోకూడదని ముందే నిశ్చయించుకుని, మందం సరిపోల్చాకే తీసుకున్నాను. వాటిని మెలితిప్పి టేపు చుట్టలేదు. తీగలను కలిపి నొక్కే సరైన కొలత స్లీవులతో బిగించి, పైన వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే ష్రింక్ ట్యూబు వేశాను. నాలుగో వేగంలో చాలాసేపు నడిపిన తరువాత అప్పుడప్పుడు ఆ కనెక్టర్‌ను తాకి చూస్తుంటాను. గోరువెచ్చదనం దాటలేదు. పిన్నుకు అటూ ఇటూ, మోటారు తిరుగుతుండగా కొలిస్తే, పడిపోయే వోల్టేజీ 0.1 వోల్టుకు లోపే ఉంటోంది. నాకు నమ్మకం కలిగించేది ఆ కొలతే.

ఈ పనికి పూనుకునేవారు బ్యాటరీ నెగటివ్ తీగను తీసి మొదలుపెట్టాలి, కొలతలకు అవసరమైనప్పుడు మాత్రమే తిరిగి కలపాలి. గ్లవ్ బాక్సు చుట్టుపక్కల కనిపించే పసుపు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకూడదు. ఉష్ణోగ్రతను తానే సర్దుకునే ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ఇలాంటి రెసిస్టర్ సాధారణంగా ఉండదు. దాని స్థానంలో ట్రాన్సిస్టర్‌తో పనిచేసే మాడ్యూల్ ఉంటుంది. దానికి వచ్చే సన్నని కంట్రోల్ తీగకు 21 వాట్ల బల్బు తగిలిస్తే కంట్రోల్ యూనిట్ దెబ్బతినవచ్చు. అక్కడ మల్టీమీటరే వాడాలి, బల్బు పరీక్షను మోటారుకు వెళ్లే లావు తీగలకే పరిమితం చేయాలి.