నెల్లూరులో తెప్పించిన పీఎస్‌బీ లైవ్ కల్చర్ - సరుకు బాగుంది, షాపోళ్లు చెప్పేవి అన్నీ నమ్మబాకండి

మా గుంటలు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దోవలో ఉండాయి, వేసేది వనామీ రొయ్య. అడుగున నల్లమట్టి పట్టి కుళ్లిన గుడ్డు వాసన కొడతా ఉంటే మా బాబాయి ఈసారి కంపెనీ పౌడర్లు వద్దని నెల్లూరులో ఒక ఆక్వా షాపు నుంచి పీఎస్‌బీ (వెలుతురు మీద బతికే ఒక రకం బ్యాక్టీరియా) లైవ్ కల్చర్ క్యాన్లు తెప్పించినాడు, అదే అందరూ ఎర్ర నీళ్లు అంటారే అది. తెలిసినోళ్లు శానా మంది ఎట్టా ఉందని అడగతా ఉన్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తన్నా.

కల్చర్ అయితే బతికే ఉంది, అది నేను చూసుకున్నా. కొత్త మీడియంలో, అంటే బ్యాక్టీరియా పెరిగే పోషకాల నీళ్లలో, కొంచెం కొంచెం కల్చర్ కలిపి ఒక పెట్ బాటిల్ మూతి దాకా నింపి గట్టిగా బిగించి వెలుతురులో పెట్టినా, ఇంకోదాన్ని సగమే నింపి గాలి తగిలేటట్టు మధ్య మధ్యలో ఊపతా ఉన్నా. మొదటిది రోజురోజుకీ బీట్‌రూట్ రసం మాదిరి ఎర్రగా తిరిగింది, రెండోది పాలిపోయినట్టే ఉండిపోయింది. ఎందుకంటే ఈ బ్యాక్టీరియా ఆక్సిజన్ దొరికినంతసేపు ఊపిరి తీసుకుంటా బతుకుద్ది, రంగు తయారుచేసే జీన్లు చాలావరకు ఆఫ్‌లో ఉంటాయి, ఆక్సిజన్ అయిపోతే అవి ఆన్ అయి వెలుతురు మీద బతకడం మొదలుపెడద్ది. అందుకని క్యాన్ కొనేటప్పుడు రంగు చూడండి, తెల్లబడిపోయినది మాత్రం తీసుకోబాకండి.

ఇంక షాపులో అబ్బాయి చెప్పిన రెండు మాటలు. ఇది గుంటకి ఆక్సిజన్ ఇస్తదన్నా అన్నాడు. ఇవ్వదు. మొక్కలూ నీలి ఆకుపచ్చ నాచూ నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదలతాయి గాని ఈ ఎర్ర రకం ఆ పని చెయ్యదు, అడుగున మురిగిన వాటిలోంచి వచ్చే ఆమ్లాలు తింటది, కొన్ని రకాలు ఆ కుళ్లు వాసన గ్యాస్‌ని కూడా వాడుకుంటాయి, అంతే. దీన్ని నమ్మి రాత్రిపూట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపితే పంట పోద్ది, దయచేసి ఆపబాకండి.

రెండోది, ఇది జీన్ ఇంజినీరింగ్ చేసిన స్పెషల్ రకం అంట. మన దేశంలో అట్టాంటి జీవుల్ని బయట వదలాలంటే 1989 రూల్స్ ప్రకారం జీఈఏసీ అనే కేంద్ర ప్రభుత్వ కమిటీ అనుమతి ఉండాల, కాగితం అడిగితే చూపించలా. అసలు మనకి అది అవసరం కూడా లేదు, మామూలు రకమే ఈ పని చేస్తది.

నిజమైన ఇంజినీరింగ్ ల్యాబుల్లో జరగతా ఉంది, అది వేరే లెవెల్. 1999లోనే టొరంటో యూనివర్సిటీ వాళ్లు నీలి ఆకుపచ్చ నాచులో (అదీ ఒక బ్యాక్టీరియానే) జైమోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా జీన్లు రెండు పెట్టి ఇథనాల్ తీసినారు. 2016లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లయితే రోడోసూడోమోనాస్ పాలస్ట్రిస్‌లో, అంటే మన పీఎస్‌బీ డబ్బాల మీద ఎక్కువగా కనిపించే పేరే, గాలిలో నైట్రోజన్‌ని పట్టే నైట్రోజినేజ్ ఎంజైమ్‌ని కొద్దిగా మార్చి కార్బన్ డయాక్సైడ్ నుంచి వెలుతురుతో మీథేన్ తెప్పించినారు. దీని చుట్టం రోడోబ్యాక్టర్‌తో ఐసోబయోనిక్స్ అనే నెదర్లాండ్స్ కంపెనీ నారింజ వాసనకి వాడే వాలెన్సీన్ చేసి అమ్మింది. నాకు బాగా నచ్చింది ఏందంటే వీటిలో జీన్ పెట్టడం ఒక ఎత్తు, దాన్ని ఎప్పుడు ఆన్ చెయ్యాలనేది ఇంకో ఎత్తు. మొదటి నుంచీ సరుకు చెయ్యమంటే బ్యాక్టీరియా ఎదగదు, పైగా ఆ జీన్ పాడైపోయిన కణాలే ఎక్కువ పెరిగి మొత్తం ఆక్రమించేస్తాయి, అందుకని ముందు బాగా పెరగనిచ్చి తర్వాత మందో, వెలుతురో, ఆక్సిజన్ తగ్గించడమో ఏదో ఒకదాంతో స్విచ్ వేస్తారు.

గుంటలో ఆ స్విచ్ మన చేతిలో ఉండదు. నీళ్లు చిక్కబడితే అడుక్కి వెలుతురు పోదు, కాబట్టి బాటిల్లో చూసినంత జోరు గుంటలో ఉంటదని అనుకోబాకండి. మాకు వాసన తగ్గింది, మట్టి రంగు మారింది, కాకపోతే చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూసి మేత కూడా తగ్గించినాం, అందుకే క్రెడిట్ అంతా క్యాన్‌కి ఇవ్వను.

రేటు కంపెనీ డబ్బాలకంటే తక్కువే, ఆటోలో గుంట దాకా పంపించినారు, ఫోన్ చేస్తే పలకతారు. క్యాన్ మీద కల్చర్ తీసిన తేదీ మాత్రం లేదు, అది అడిగి రాయించుకోండి. 5కి 4 ఇస్తా, వచ్చే పంటకి కూడా వాళ్లకాడే తీసుకుంటాం.