పది పిక్సెళ్ల మనిషి: ఏళ్ల తరబడి లెమ్మింగ్స్ ఆడాక

కంప్యూటర్ ఆటల్లో బొమ్మ ఎంత పెద్దగా, ఎంత నిజంగా కనిపిస్తే అంత గొప్ప అనుకునేవాళ్లకు ఈ సమీక్ష రుచించకపోవచ్చు. నేను ఇప్పటికీ పని ముగిశాక తెరిచే ఆటలో పాత్ర ఎత్తు సుమారు పది పిక్సెళ్లు, అంటే తెర మీద పది చుక్కలు. దానికి కళ్లు లేవు, నోరు లేదు. ఆకుపచ్చ జుట్టు, నీలం అంగీ, ఒంటికి ఒక లేత రంగు, అంతే. ఆట పేరు లెమ్మింగ్స్. 1991లో అమిగా కంప్యూటర్ మీద మొదలై, అప్పటి పీసీలను నడిపిన డాస్‌తో సహా ఆ రోజుల్లో ఉన్న దాదాపు యంత్రాలన్నిటి మీదికీ పాకింది.

ఆట తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. పైన ఒక తలుపు తెరుచుకుంటుంది. అందులోంచి ఈ బుల్లి జీవులు ఒకటి తర్వాత ఒకటి కిందికి దూకి నడవడం మొదలుపెడతాయి. గోడ తగిలితే వెనక్కి తిరుగుతాయి, గొయ్యి వస్తే పడిపోతాయి, నీళ్లొస్తే మునిగిపోతాయి. వాటికి సొంత బుద్ధి లేదు. మన చేతిలో ఎనిమిది పనులు ఉంటాయి: గోడ ఎక్కడం, గొడుగు విప్పడం, పేలిపోవడం, అడ్డంగా నిలబడటం, మెట్లు కట్టడం, గోడ తొలవడం, పలుగుతో ఏటవాలుగా తవ్వడం, నిలువునా తవ్వడం. ఎవరికి ఏ పని అప్పగించాలో చూసుకుని, చెప్పినంత శాతం మందిని గమ్యం చేర్చాలి. మొత్తం 120 దశలు, ముప్పై చొప్పున నాలుగు స్థాయులు. నిజమైన లెమ్మింగ్‌లు చలిదేశాల్లో బతికే ఎలుక జాతి ప్రాణులు. అవి మందగా వెళ్లి కొండ మీద నుంచి దూకి చస్తాయన్నది ఒట్టి కట్టుకథ. ఆట మాత్రం ఆ కట్టుకథ మీదే నిలబడింది.

తొంభైల్లో, మద్రాసు పేరు చెన్నైగా మారకముందే, మౌంట్ రోడ్డు దగ్గర ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో లెక్కలు రాసేవాణ్ణి. అక్కడి కంప్యూటర్‌లో ఎవరో ఎక్కించి వదిలేసిన ఆట ఇది. తర్వాత రిచీ స్ట్రీట్‌లో ముక్కలు ముక్కలుగా కొని నా యంత్రం నేనే బిగించుకున్నప్పుడు అందులోకి మొదట వెళ్లింది కూడా ఇదే. అప్పటి నుంచి యంత్రాలు మారాయి, అద్దె ఇళ్లు మారాయి, ఆట మారలేదు.

ఈ బొమ్మ ఇంత చిన్నగా ఉండటం ఎవరో పిసినారితనంతో చేసిన పని కాదు. స్కాట్లండ్‌లోని డండీ నగరంలో డీఎంఏ డిజైన్ అనే చిన్న సంస్థ ఉండేది. 1989లో అక్కడివాళ్లు వేరే ఆట కోసం మనుషుల బొమ్మలు గీస్తున్నారు. పదహారు పిక్సెళ్ల చదరంలో గీద్దామని ఒకరు అన్నారు. అందులో సగం, అంటే ఎనిమిదికి ఎనిమిది చదరం చాలని మైక్ డెయిలీ వాదించాడు. వాదించి ఊరుకోకుండా మధ్యాహ్న భోజన విరామంలో కూర్చుని, వరసగా నడుస్తూ వచ్చే బుల్లి మనుషులను బరువు మీద పడి నలిపేసే దృశ్యం ఒకటి చేసి చూపించాడు. గ్యారీ టిమన్స్ ఆ నడకకు నునుపు తెచ్చాడు. అది చూసి అందరూ నవ్వుతుంటే, ఇందులో ఒక ఆట ఉందని రస్సెల్ కే అనే సహోద్యోగి అన్నాడట. లెమ్మింగ్స్ అన్న పేరు కూడా అతనిదే. అంటే కథ, నియమాలు, దశలు అన్నీ తర్వాత వచ్చినవి. ముందు పుట్టింది నడక. ఇన్నేళ్లు ఆడాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆటలో మనసుకు పట్టే ప్రతిదీ ఆ నడకలోంచీ, దానికి తగిలించిన ఒకటి రెండు అభినయాల్లోంచీ వచ్చిందే.

మెట్లు కట్టేవాణ్ణే చూడండి. పని అప్పగించగానే వంగి ఒక ఇటుక పెడతాడు, దాని మీదికి ఎక్కుతాడు, మరొకటి పెడతాడు. ఎప్పుడూ పన్నెండే. చివరి మూడు ఇటుకలకు టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. సరుకు అయిపోతోందని మనకు హెచ్చరిక అన్నమాట. ఆ టిక్కు విని మళ్లీ నొక్కితే ఇంకో పన్నెండు కడతాడు. నొక్కకపోతే ఆగి భుజాలు ఎగరేస్తాడు. నా చేతిలో ఏముంది అన్నట్టు ఒక్క క్షణం. ఆ తర్వాత నడుస్తాడు. ఎదురుగా ఇంకా ఖాళీయే ఉంటే, తాను కట్టిన మెట్ల చివరి నుంచి అలాగే అగాధంలోకి నడుస్తాడు. ముఖం లేని బొమ్మ అది. అయినా ఆ భుజాలు ఎగరేయడంలో ఉన్న నిస్సహాయత, కాస్త ఎత్తిపొడుపు, కోట్లు పోసి ముఖకవళికలు దించిన ఇప్పటి ఆటల్లో నాకు దొరకలేదు. అక్కడ కదిలేవి మహా అయితే మూడు నాలుగు చుక్కలు. మిగిలినదంతా మనమే పూరించుకుంటాం. పూరించుకున్నది మన సొంతం కాబట్టి దాని మీద మమకారం ఎక్కువ. దూరంగా రైలు ప్లాట్‌ఫాం మీద వెళ్తున్న మనిషిని ముఖం కనిపించకపోయినా నడకను బట్టి మనవాడే అని పోల్చుకుంటాం కదా, ఇదీ అంతే.

ఇక అడ్డంగా నిలబడేవాడు. రెండు చేతులూ చాచి నిలుచుంటాడు, వచ్చినవాళ్లనల్లా వెనక్కి తిప్పుతాడు. అతను ఆపినందువల్లే మిగతావాళ్లు బతుకుతారు. చిక్కేమిటంటే, ఒకసారి నిలబడ్డాక తనంతట తాను కదలడు. గుంపంతా దాటిపోయాక కూడా అక్కడే ఉంటాడు. అతణ్ణి పేల్చేయడం మామూలు పద్ధతి. తల మీద అయిదు నుంచి అంకెలు తగ్గుతాయి, తల పట్టుకుని వణుకుతాడు, తర్వాత కాగితపు ముక్కల్లా చెదిరిపోతాడు. చాలా దశల్లో కావలసిన శాతంలో అతని లెక్క ముందే తీసేసి ఉంటారు కాబట్టి ఆటగాడికి నష్టం లేదు. లెక్కలు రాసేవాణ్ణి కదా, నాకు అది ఎప్పుడూ సబబుగానే తోచింది.

వేసవి సెలవులకు నెల్లూరు నుంచి వచ్చిన మా అక్క కూతురికి సబబుగా తోచలేదు. పక్కన కూర్చుని చూస్తూ, “మామయ్యా, అందరూ వెళ్లిపోయారు. మరి అడ్డం నిలబడినవాణ్ణి ఎవరు పిలుస్తారు?” అంది.

“ఎవరూ పిలవరమ్మా. వాడి పని అయిపోయింది.”

“అదేమిటి? వాడే కదా అందర్నీ కాపాడింది!”

మౌస్ లాక్కుని ఆ దశే మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పక్కన నడుస్తున్న ఒకణ్ణి సరిగ్గా అతని పాదాల అంచున నిలువునా తవ్వించింది. కాళ్ల కింద నేల పోగానే అడ్డం నిలబడినవాడు కిందికి జారి, ఏమీ జరగనట్టు నడవడం మొదలుపెట్టాడు. ఆటలో ఈ వెసులుబాటు ఉందని నాకూ తెలుసు. కానీ శాతం నిండిన చోట దానికోసం అంత శ్రమపడటం ఆ పిల్ల దగ్గరే చూశాను. ఇప్పుడు కుదిరిన ప్రతి దశలోనూ అలాగే ఆడుతున్నాను. నూటికి నూరు మందినీ చేర్చాలని పట్టుబడితే ఇది వేరే ఆట, చాలా కష్టమైన ఆట.

చిన్న బొమ్మతో అద్భుతం చేసింది వీళ్లొక్కరే కాదు. 1981లో డాంకీ కాంగ్‌లో వచ్చిన మారియోకు నోరు గీయడానికి చోటు చాలకే మీసం వచ్చింది, జుట్టు కదిలించే బాధ తప్పించుకోవడానికే టోపీ వచ్చింది. 1993 నాటి కేనన్ ఫాడర్‌లో సైనికులు వేలి గోరంత కూడా ఉండరు. కానీ ఒక్కొక్కరికీ ఒక పేరు ఉంటుంది, చచ్చిపోయినవాళ్లకు కొండ మీద సమాధులు లేస్తూ పోతాయి, వాటి ముందే కొత్తవాళ్లు వరస కడతారు. ప్రిన్స్ ఆఫ్ పర్షియాది పూర్తిగా వేరే దారి. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడి పరుగులను, దూకుళ్లను వీడియో తీసి వాటి మీద గీసుకున్నాడు. అందమైన పనే, కాదనను. అయితే ఆ రాకుమారుణ్ణి చూసి మెచ్చుకుంటాను, లెమ్మింగ్ కోసం కంగారు పడతాను.

పెద్దవి చేస్తే ఏమవుతుందో ఈ వరసలోనే రుజువైంది. 1995లో త్రీడీ లెమ్మింగ్స్ వచ్చింది. కెమెరా తిప్పుకోవచ్చు, లెమ్మింగ్ కళ్లతో కూడా చూడవచ్చు. నాకు రుచించలేదు. తెర మీద మొత్తం పరిస్థితి ఒక్క చూపులో కనిపించడమే ఈ ఆటకు ప్రాణం. ఇక్కడ ఒకడు మెట్లు కడుతున్నాడు, అక్కడ గుంపు గోడల మధ్య తచ్చాడుతోంది, ఇంకోచోట ఒకడు అందరికంటే ముందు పోయి అంచు దగ్గరికి చేరుతున్నాడు. బొమ్మ చిన్నదైతేనే ఆ మూడూ ఒకేసారి కంట్లో పడతాయి. బొమ్మను దగ్గరికి తెస్తే గుంపు పోతుంది. రెండో భాగం, 1993 నాటిది, పాత పద్ధతిలోనే ఉంది, బాగుంది. కానీ పనులు ఎనిమిది నుంచి యాభైకి పైగా పెరిగేసరికి నేర్చుకోవడానికే ఓపిక అయిపోయింది. ఆ డండీ సంస్థే తర్వాత 1997లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో తీసింది. దాని గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, మా ఇంట్లో కుర్రాళ్లకు ఉంది.

లోపాలు లేవని కాదు. గుంపు ఒకేచోట చేరినప్పుడు కావలసినవాణ్ణి పట్టుకోవడం నరకం. కుడివైపు నడిచేవాణ్ణి ఉద్దేశించి నొక్కితే ఎడమవైపు నడిచేవాడు మెట్లు కట్టడం మొదలుపెడతాడు. దాంతో పదినిమిషాల శ్రమ మట్టిలో కలుస్తుంది. చివరి స్థాయిలో కొన్ని దశలు బుద్ధిని కాక వేళ్లను పరీక్షిస్తాయి. తొలి స్థాయిలో చూసిన పటాలే ముందుకెళ్లాక తక్కువ పనిముట్లతో మళ్లీ వస్తాయి. కొందరికి అది విసుగు, నాకు మాత్రం తెలిసిన వీధిలోనే కొత్త సందు దొరికినట్టుంటుంది. ఎక్కడ ఆపామో ఆట గుర్తుపెట్టుకోదు. ప్రతి దశకూ పది అక్షరాల సంకేతం ఇస్తుంది, అది మనమే రాసుకోవాలి. నా పాత డైరీల వెనక పేజీలు తిరగేసినవారెవరైనా నేను ఏదో గూఢచర్యం చేస్తున్నాననుకోవాలి.

ఇప్పుడు ఆడాలనుకునేవారికి ఒక ముఖ్యమైన మాట. డాస్ ఆటను ఈనాటి కంప్యూటర్‌లో ఆడటానికి డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది. అయితే దాన్ని ఉన్నదున్నట్టు వాడకండి. అప్పటి తెర అడ్డంగా 320, నిలువుగా 200 పిక్సెళ్లు. ఆ చిత్రం నాలుగుకు మూడు నిష్పత్తి ఉన్న గాజు తెరను (అప్పటి బరువైన డబ్బా మానిటర్‌ను) నింపేది కాబట్టి ఒక్కో పిక్సెల్ వెడల్పుకన్నా ఎత్తు కాస్త ఎక్కువ. ఇప్పటి తెరల మీద పిక్సెళ్లు సరిచదరంగా ఉంటాయి. ఫలితంగా లెమ్మింగ్ ఆరో వంతు పొట్టివాడైపోతాడు, తొక్కిపెట్టినట్టు కనిపిస్తాడు. పది పిక్సెళ్ల మనిషికి ఆరో వంతు అంటే చిన్న నష్టం కాదు. డాస్‌బాక్స్ అమరికల ఫైలులో రెండర్ విభాగం కింద యాస్పెక్ట్ అన్న చోట ఫాల్స్ తీసి ట్రూ పెట్టండి, వాడు మళ్లీ నిటారుగా నిలబడతాడు. రిచీ స్ట్రీట్‌లో పాత గాజు తెర ఏదైనా పాడుకాకుండా దొరికితే ఇంకా మంచిది, కానీ మోసుకురావడానికి ఆటో మాట్లాడుకోండి.

ఫోనులో మాత్రం మొదలుపెట్టవద్దు. వేలు పెడితే దాని కింద పదిమంది దాక్కుంటారు. మౌస్ కావాలి, అదీ లాప్‌టాప్ మీది పలక కాదు, చేత్తో పట్టుకునే మౌస్.